ఒక్క శాతం ఆవిరితో ఏమవుతుంది? రాకెట్ ఇంజన్లలో టూ ఫేజ్ ఫ్లో గురించి

మీరు అడిగింది ఇది: బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుగా నైట్రస్ ఆక్సైడ్‌తో చిన్న ఇంజన్ చేస్తున్నారు. ట్యాంకు నుంచి ఇంజెక్టర్ దాకా, అంటే ఇంజన్ మంట గదిలోకి (ఛాంబర్) ద్రవాన్ని చిమ్మే రంధ్రాల దాకా, అంతా ద్రవమే అనుకుని లెక్కలు వేశారు. దారిలో ఒకటి రెండు శాతం ఆవిరైనా పెద్ద తేడా ఉండదు కదా అన్నారు. ఇలా ద్రవం, ఆవిరి కలిసి పారడాన్నే టూ ఫేజ్ ఫ్లో అంటాం. పెద్ద ఇంజన్లలో ఈ విషయాన్ని ఎలా చూసుకుంటారని కూడా అడిగారు.

తేడా ఉంటుంది, చాలా ఉంటుంది. క్రయోజెనిక్ ఫీడ్ లైన్ల, అంటే అతి చల్లని ద్రవాలను ట్యాంకు నుంచి ఇంజన్‌కు చేర్చే పైపుల, పరీక్షల మధ్యే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. కొత్తగా చేరిన ప్రతి ఇంజనీరూ మొదటి నెలలో మీలాగే "ఒక శాతమే కదా" అంటాడు. నేనూ అలాగే అన్నాను. కాబట్టి ముందు ఆ ఒక శాతం సంగతే చూద్దాం.

వంద కిలోల ద్రవ ఆక్సిజన్ పైపులో వెళ్తోందనుకోండి. అందులో ఒక కిలో ఆవిరైంది. వాతావరణ పీడనం దగ్గర, అంటే 90 కెల్విన్‌లో, ద్రవ ఆక్సిజన్ సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1,140 కిలోలు. అదే ఉష్ణోగ్రతలో దాని ఆవిరి సాంద్రత నాలుగున్నర కిలోలకు కాస్త తక్కువ. మిగిలిన 99 కిలోల ద్రవానికి 87 లీటర్ల చోటు చాలు. ఆవిరైన ఆ ఒక్క కిలోకు మాత్రం 220 లీటర్లకు పైగా కావాలి. బరువులో ఒక శాతం ఉన్న ఆవిరి పైపులో 70 శాతానికి పైగా చోటు ఆక్రమిస్తుందన్నమాట. హైడ్రోజన్ దగ్గర పరిస్థితి కాస్త నయం. దాని ద్రవం ఎంత తేలికంటే ఘనపు మీటరు 71 కిలోలే తూగుతుంది. 20 కెల్విన్‌లో ఉండే దాని ఆవిరి మాత్రం 1.3 కిలోల దాకా ఉంటుంది. అక్కడ ఒక శాతం ఆవిరి మూడో వంతు చోటు తీసుకుంటుంది.

ఈ ద్రవాన్ని ఇంజన్‌లోకి నెట్టే పంపు రెక్కలకు బరువు తెలియదు, చోటే తెలుసు. ఒక చుట్టుకు ఇన్ని లీటర్లు లోపలికి లాగేలా దాన్ని తయారు చేస్తారు. ఆ లీటర్లలో మూడో వంతు ఆవిరైతే ఇంజన్‌కు చేరే ఇంధనం ఆ మేరకు పడిపోతుంది. పంపు మీద బరువు తగ్గడంతో దాన్ని తిప్పే టర్బైన్ వేగం హద్దు దాటుతుంది. ఛాంబర్‌లో ఇంధనం, ఆక్సిజన్ నిష్పత్తి మారిపోతుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో జరిగిపోతుంది. అందుకే పేపర్ మీద లెక్క రాసేటప్పుడు ఆవిరిని బరువు శాతంలో కాకుండా చోటు శాతంలో రాసే అలవాటు చేసుకోండి. రాసిన వెంటనే ప్రమాదం కళ్ళకు కనబడుతుంది.

ఇక ఆవిరి ఎలా పుడుతుంది? రెండే దారులు. ద్రవానికి వేడి తగలాలి, లేదా దాని మీద ఉన్న పీడనం తగ్గాలి. రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ చూడండి. లోపలి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మామూలు గిన్నెలోలా తెర్లవు, పైన ఉన్న పీడనం వాటిని అదిమి పెడుతుంది. విజిల్ పైకి లేచి పీడనం కాస్త తగ్గగానే లోపల ఒక్కసారిగా మరుగు మొదలవుతుంది. పప్పు నీళ్ళు విజిల్‌లోంచి చిమ్మేది అందుకే. ఆ క్షణంలో మంట పెరగలేదు, పీడనం తగ్గిందంతే. రాకెట్ ట్యాంకులో ఉన్న ద్రవ హైడ్రోజన్ ఎప్పుడూ ఆ కుక్కర్ నీళ్ళ స్థితిలోనే ఉంటుంది, ఎప్పుడు మరుగుదామా అని ఎదురు చూస్తూ.

హైడ్రోజన్ ఎంత సున్నితమంటే, 20 కెల్విన్ దగ్గర ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దాని బాష్ప పీడనం, అంటే ఏ పీడనం కంటే తగ్గితే ద్రవం మరుగుతుందో ఆ హద్దు, దాదాపు 0.3 బార్ పెరుగుతుంది (ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనమంత). ఆక్సిజన్‌కు అదే ఒక్క డిగ్రీకి 0.1 బార్ పెరుగుతుంది. పంపు ముందు మనం ఉంచుకునే అదనపు పీడనమే చాలాసార్లు బార్‌లో కొంత భాగం. ఒక డిగ్రీ వేడి ఎక్కడి నుంచో వచ్చిందంటే ఆ అదనం కరిగిపోయినట్టే. అందుకే ఫీడ్ లైన్‌లో ప్రతి చోటా నేను చూసేవి రెండు అంకెలే: అక్కడ ఉన్న పీడనం ఎంత, అక్కడున్న ఉష్ణోగ్రతకు బాష్ప పీడనం ఎంత. వాటి మధ్య తేడాయే మన దగ్గర ఉన్న మిగులు. పంపుల వాళ్ళు ఎన్‌పీఎస్‌హెచ్ అని పిలిచేది కూడా, ప్రవాహ వేగం లెక్క కలుపుకుంటే, ఈ మిగులునే.

ఈ మిగులు తగ్గితే ఏమవుతుందో మన శ్రీహరికోట నుంచే ఒక ఉదాహరణ ఉంది. 2021 ఆగస్టు 12న తెల్లవారుజామున 5 గంటల 43 నిమిషాలకు జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 ఈఓఎస్-03 ఉపగ్రహంతో లేచింది. మొదటి రెండు దశలు చక్కగా పని చేశాయి. మూడోది క్రయోజెనిక్ దశ. అక్కడ ఇంజన్ సరిగ్గా అందుకోలేదు, ఉపగ్రహం పోయింది. విచారణ కమిటీ తేల్చింది ఏమిటంటే, రాకెట్ లేచాక ద్రవ హైడ్రోజన్ ట్యాంకులో పీడనం ఉండాల్సినట్టు లేదు. ఇంజన్ వెలిగించే సమయానికి అది తక్కువగా ఉంది. దాంతో ట్యాంకు లోపలే అమర్చిన బూస్టర్ పంపు, అంటే ప్రధాన టర్బోపంపుకు హైడ్రోజన్ అందించే చిన్న పంపు, గాడి తప్పింది. ఇంధనం మండే థ్రస్ట్ ఛాంబర్‌కు చాలినంత హైడ్రోజన్ చేరలేదు. పీడనం తగ్గడానికి ఎక్కువ అవకాశం ఉన్న కారణం ట్యాంకు పైనుండే వెంట్ అండ్ రిలీఫ్ వాల్వులో లీకు అని చెప్పారు. పీడనం ఎక్కువైతే బయటికి వదలడానికి పెట్టిన వాల్వు అది.

ఇందులో పంపు తప్పు లేదు, ఇంజన్ తప్పు లేదు. ఎక్కడో పైన ఒక వాల్వు సీలు కొంచెం కారితే, దాని ఫలితం కింద ఉన్న పంపు దగ్గర కనబడింది. నేను శిక్షణ ఇచ్చే ప్రతి బృందానికీ ఈ కేసు మొదటి రోజే చెబుతాను. ఫీడ్ లైన్ మనిషి ట్యాంకు మూతను కూడా తనదే అనుకోవాలి. తర్వాత ఆ వాల్వు, ట్యాంకు పీడన వ్యవస్థ విషయంలో మార్పులు చేసి, 2023 మే 29న జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్12ను విజయవంతంగా పంపారు. ఆ రోజు నేను టీవీ ముందు కూర్చుని మూడో దశ వెలిగే దాకా ఊపిరి బిగబట్టాను.

పంపు నోటి దగ్గర మిగులు బొత్తిగా లేకపోతే వచ్చేదే క్యావిటేషన్. రెక్క వెనక వైపు పీడనం బాష్ప పీడనం కంటే తగ్గిన చోట ఆవిరి బుడగలు పుడతాయి. కాస్త ముందుకు వెళ్ళి పీడనం పెరిగిన చోట కుప్పకూలుతాయి. రాకెట్ పంపుల్లో దీన్ని పూర్తిగా తప్పించడం కుదరదు. తప్పించాలంటే ట్యాంకు పీడనం పెంచాలి, అంటే ట్యాంకు గోడ మందం పెరగాలి, అంటే రాకెట్ బరువు పెరగాలి. అందుకే ప్రధాన పంపు ముందు ఇండ్యూసర్ అని మరచుట్టులాంటి రెక్కల చక్రం ఒకటి పెడతారు. కొంత క్యావిటేషన్ ఉన్నా ఓర్చుకుంటూ పీడనం పెంచి లోపలికి అందించడమే దాని పని.

ఓర్చుకోవడానికీ హద్దు ఉంటుంది. 1999 నవంబర్ 15న జపాన్ హెచ్-2 రాకెట్టు ఎఫ్8 (ఎనిమిదో నంబరు రాకెట్టు) ప్రయోగంలో, లేచిన సుమారు నాలుగు నిమిషాలకు మొదటి దశలోని ఎల్ఈ-7 ఇంజన్ ఆగిపోయింది. వాతావరణ, విమాన రాకపోకల పనులకు ఉద్దేశించిన ఎంటీశాట్ ఉపగ్రహం దక్కలేదు. జపాన్ వాళ్ళు చేసిన పని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒగసవార దీవుల వైపు పసిఫిక్‌లో దాదాపు మూడు వేల మీటర్ల లోతున పడిన ఇంజన్‌ను వెతికి పైకి తీశారు. చూస్తే ద్రవ హైడ్రోజన్ టర్బోపంపు ఇండ్యూసర్ రెక్క ఒకటి అలసట పగులుతో విరిగిపోయి ఉంది. క్యావిటేషన్‌తో పుట్టిన ఒడిదొడుకులు ఆ రెక్కను మళ్ళీ మళ్ళీ ఊపి విరిచాయి. సముద్రం అడుగు నుంచి ఆ ముక్క రాకపోతే కారణం ఊహగానే మిగిలేది. క్యావిటేషన్ అనగానే పుస్తకాల్లో పంపు హెడ్, అంటే పంపు పెంచే పీడనం, తగ్గిపోయే గ్రాఫు చూపిస్తారు. హెడ్ తగ్గకుండానే రెక్క విరగ్గలదు. గ్రాఫు బాగుందని నిశ్చింతగా ఉండకండి, కంపనాల సెన్సర్ కూడా చూడండి.

క్యావిటేషన్ విషయంలో హైడ్రోజన్ మనకు ఒక సాయం చేస్తుంది. బుడగ పుట్టాలంటే గుప్తోష్ణం, అంటే ద్రవం ఆవిరి కావడానికి పట్టే వేడి, కావాలి, దాన్ని చుట్టూ ఉన్న ద్రవం నుంచే లాక్కోవాలి. ఒక శాతం ద్రవం ఆవిరైతే మిగతా హైడ్రోజన్ దాదాపు అర డిగ్రీ చల్లబడుతుంది. ఇందాక చెప్పిన లెక్క ప్రకారం అర డిగ్రీ చల్లబడితే బాష్ప పీడనం 0.15 బార్ దాకా తగ్గుతుంది. అంటే పుట్టిన బుడగ తర్వాతి బుడగకు తనే అడ్డుపడుతుంది. మామూలు నీళ్ళలో ఈ ప్రభావం దాదాపు లేనట్టే. అందుకే నీళ్ళతో పరీక్షించిన పంపు హైడ్రోజన్‌తో అంతకంటే మెరుగ్గా నిలబడుతుంది. అయితే నీళ్ళ పరీక్ష హెడ్ గురించి చెప్పినంత నమ్మకంగా కంపనాల గురించి చెప్పలేదు.

ఇప్పటిదాకా పీడనం తగ్గి పుట్టే ఆవిరి. వేడి తగిలి పుట్టే ఆవిరి ముందుగా కనిపించేది ఇంజన్ వెలగక ముందు, చిల్ డౌన్ సమయంలో, అంటే చల్లని ద్రవాన్నే పంపి పైపులనూ పంపునూ ముందుగా చల్లబరిచేటప్పుడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఓపికగా చదవండి.

దోసె పెనం బాగా కాలిందో లేదో చూడటానికి నీళ్ళు చిలకరిస్తాం. పెనం ఓ మోస్తరుగా వేడెక్కితే నీళ్ళు చుయ్యిమని క్షణంలో ఆవిరైపోతాయి. విపరీతంగా కాలితే మాత్రం చుక్కలు ముత్యాల్లా గుండ్రంగా మారి పెనం మీద పరుగులు పెడతాయి, తొందరగా ఇగరవు. చుక్కకూ పెనానికీ మధ్య ఆవిరి పొర ఏర్పడి వేడి తగలకుండా అడ్డుకుంటుంది. దీన్నే లైడెన్‌ఫ్రాస్ట్ ప్రభావం అంటారు. ద్రవ హైడ్రోజన్‌కు గది ఉష్ణోగ్రతలో ఉన్న స్టీలు పైపు ఎర్రగా కాలిన పెనం కంటే ఎక్కువ. 300 కెల్విన్ పైపులోకి 20 కెల్విన్ ద్రవం వస్తోంది మరి. మొదట పైపు గోడ వెంబడి ఆవిరి పొర ఉంటుంది, మధ్యలో ద్రవం తేలుతూ పోతుంది. ఈ స్థితిలో గోడ చాలా నెమ్మదిగా చల్లబడుతుంది. పరీక్షలో గోడ ఉష్ణోగ్రత గీత చూస్తూ కూర్చుంటే నిద్ర వస్తుంది, అంత నిదానం. ఒక హద్దు దాటాక ఆవిరి పొర చిరుగుతుంది, ద్రవం గోడను నేరుగా తాకుతుంది, గీత గోడ దూకినట్టు కిందికి పడుతుంది. ఆ క్షణంలో ఆవిరి పుట్టే వేగం చాలా రెట్లు పెరిగి పైపులో పీడనం ఉలిక్కిపడినట్టు లేస్తుంది. ఆ తర్వాత గోడ ద్రవం ఉష్ణోగ్రతకు చేరి అంతా నెమ్మదిస్తుంది.

దీని వల్ల రెండు చిక్కులు. చిల్ డౌన్‌కు వాడిన ద్రవమంతా ఆవిరిగా బయటికి పోతుంది, అంటే రాకెట్ మోసుకొచ్చిన బరువు వృథా. పైగా పంపు, వాల్వు, పైపు ఒకే వేగంతో చల్లబడవు. సన్నని పైపు చల్లబడ్డాక కూడా మందమైన పంపు బాడీ వేడిగా ఉండవచ్చు. పైపు దగ్గర ఉన్న సెన్సర్ "ద్రవం వచ్చేసింది" అని చెబుతుంది, లోపల పంపులో ఇంకా ఆవిరే ఉంటుంది. అలాంటప్పుడు ఇంజన్ వెలిగిస్తే పంపు ఆవిరిలో తిరుగుతుంది.

నా మొదటి ఏళ్ళలో నేనే చేసిన తప్పు ఒకటి చెబుతాను. ద్రవ నైట్రోజన్ లైన్‌లో ప్రవాహం కొలవడానికి టర్బైన్ ఫ్లోమీటర్ పెట్టాం. చిల్ డౌన్ అవుతుండగా దాన్ని పక్కదారి పట్టించాలని పద్ధతి రాసుకోలేదు. చల్లని ఆవిరి ద్రవం కంటే ఎన్నో రెట్ల వేగంతో దాని గుండా పోయింది, చిన్న రెక్కల చక్రం హద్దు మీరి తిరిగి బేరింగ్ పాడైంది. తెర మీద మాత్రం ప్రవాహం అంకె బ్రహ్మాండంగా కనబడింది. అది కిలోల లెక్క అనుకుని మేం సంతోషించాం కూడా. ద్రవం, ఆవిరి కలిసి పోతున్నప్పుడు ద్రవం ఒక్కదాని కోసం తయారైన మీటరు చెప్పే అంకెకు అర్థమే లేదు. అప్పటి నుంచి నా ప్రతి టెస్ట్ పద్ధతిలోనూ ఫ్లోమీటర్‌కు బైపాస్ మొదటి పంక్తిలో ఉంటుంది.

నిలువు పైపులకు మరో రకం చిక్కు ఉంది, గైజరింగ్ అంటారు. ట్యాంకు నుంచి కిందికి దిగే పొడవాటి పైపులో ద్రవం కదలకుండా ఉంటే అడుగున నెమ్మదిగా వేడెక్కుతుంది. చిన్న బుడగలు కలిసి పైపు అడ్డం అంత పెద్ద బుడగ అవుతుంది. అది పైకి లేస్తూ తన పైనున్న ద్రవాన్ని ట్యాంకులోకి నెట్టేస్తుంది. ఖాళీ అయిన పైపులోకి చల్లని ద్రవం తిరిగి పడినప్పుడు వాటర్ హ్యామర్ దెబ్బ, అంటే పారే ద్రవం ఒక్కసారిగా ఆగి కొట్టే సుత్తి దెబ్బ లాంటిది, తగులుతుంది. అమెరికా చంద్ర యాత్రల రాకెట్ సాటర్న్-5 మొదటి దశలో ద్రవ ఆక్సిజన్ పైపులు కిందనున్న కిరోసిన్ ట్యాంకు మధ్య నుంచి ఇంజన్ల దాకా దిగేవి. ప్రయోగానికి ముందు వాటి అడుగు నుంచి హీలియం బుడగలు వదిలేవారు. బుడగల వల్ల ద్రవం కదులుతూ ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. హీలియం బుడగలో ఆక్సిజన్ ఆవిరి మొదట ఉండదు కనుక చుట్టూ ఉన్న ద్రవం అందులోకి ఆవిరవుతుంది, ఆవిరవుతూ తను చల్లబడుతుంది. మట్టి కుండలో నీళ్ళు చల్లబడేది ఇదే సూత్రంతో.

అదే సాటర్న్-5తో 1968 ఏప్రిల్ 4న జరిగిన అపోలో-6 ప్రయోగం టూ ఫేజ్ పాఠాలకు గని లాంటిది. మనుషులు లేని ప్రయోగం అది. మొదటి దశ చివర్లో రాకెట్ మొత్తం సెకనుకు అయిదారు సార్లు స్ప్రింగులా ముందుకూ వెనక్కూ ఊగింది. దాన్ని పోగో అంటారు. ఇంజన్ నెట్టుడులో చిన్న ఒడిదొడుకు వస్తే రాకెట్ శరీరం ఊగుతుంది. ఆ ఊపుకు ఆక్సిజన్ పైపులో పీడనం ఊగుతుంది, దాంతో ఇంజన్ నెట్టుడు మళ్ళీ ఊగుతుంది. పంపు నోటి దగ్గర ఉండే క్యావిటేషన్ బుడగలు ఈ చక్రంలో స్ప్రింగులా పని చేస్తాయి. బుడగలున్న ద్రవం గట్టిదనం ఎంతగా పడిపోతుందో చూడాలంటే శబ్ద వేగం చూడండి. నీళ్ళలో సెకనుకు 1,480 మీటర్లు, గాలిలో 340. వాతావరణ పీడనంలో రెండూ సగం సగం బుడగలుగా కలిస్తే సెకనుకు 20 మీటర్ల చుట్టుపక్కలకు పడిపోతుంది, విడివిడిగా ఉన్న రెంటికంటే తక్కువ.

నాసా ఇంజనీర్లు దీనికి చూపిన మందు వాయువే. ఆక్సిజన్ పైపుల్లో ఇంజన్లకు ముందుండే ప్రీవాల్వుల దగ్గర ఉన్న ఖాళీలో హీలియం నింపి దాన్ని మెత్తని దిండులా వాడారు. పైపు సహజంగా ఊగే వేగం రాకెట్ శరీరం ఊగే వేగానికి దూరంగా జరిగింది. ఎక్కడ ఉందో, ఎంత ఉందో మనకు తెలిసిన వాయువు కనుక అది మేలు చేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో అపోలో-8 మనుషులతో చంద్రుడి దాకా వెళ్ళి వచ్చింది.

అపోలో-6 ప్రయోగంలోనే ఇంకొకటి జరిగింది, నేను ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు. రెండో దశలో జే-2 ఇంజన్లలో రెండు ఆగిపోయాయి. ఒక ఇంజన్‌లో ఇగ్నైటర్‌కు హైడ్రోజన్ తీసుకెళ్ళే సన్నని పైపు చెడింది. వైర్లు తారుమారుగా కలిపి ఉండటంతో ఆపమన్న ఆదేశం బాగున్న ఇంకో ఇంజన్‌కూ వెళ్ళింది. మూడో దశ ఇంజన్ అంతరిక్షంలో రెండోసారి వెలగలేదు. నేల మీద ఎన్నోసార్లు పరీక్షించిన పైపు పైన ఎందుకు చెడింది? ఆ పైపులో ముడతలు ముడతలుగా ఉండే బెల్లోస్ భాగం ఉంది. లోపల ద్రవ హైడ్రోజన్ వేగంగా పోతుంటే ముడతలు వణుకుతాయి. నేల మీద పరీక్షల్లో ఆ పైపు చల్లదనానికి బయట గాలే ద్రవమై, మంచై ముడతల మీద పేరుకుని వణుకును అణిచేసింది. అంతరిక్షంలో గాలి లేదు, ఆ పూత లేదు, పైపు వణికి వణికి తెగింది. శూన్యంలో పరీక్ష చేసి చూసేదాకా ఇది ఎవరికీ తట్టలేదు. తర్వాత బెల్లోస్ తీసేసి వంపులున్న మామూలు పైపు పెట్టారు. పైపు లోపలి దశ మార్పు (ద్రవం ఆవిరి కావడం, ఆవిరి ద్రవం కావడం) గురించే ఆలోచిస్తాం మనం, బయట జరిగే దశ మార్పు కూడా మన పరీక్షను మోసం చేయగలదు.

ఈ మధ్యవి కావాలంటే స్పేస్‌ఎక్స్ స్టార్‌షిప్ నమూనాలు రెండు చూడండి. 2020 డిసెంబర్ 9న ఎస్‌ఎన్8 దిగే సమయంలో మీథేన్ హెడర్ ట్యాంకులో, అంటే దిగడానికి విడిగా ఉంచే చిన్న ట్యాంకులో, పీడనం పడిపోయి, నేలను గట్టిగా గుద్దుకుని పేలింది. ట్యాంకు పైభాగంలో పీడనం ఇచ్చేది మీథేన్ ఆవిరే. రాకెట్ బోర్లా పడుకుని నిలువుగా తిరిగేటప్పుడు చల్లని ద్రవం ఎగసిపడి ఆ ఆవిరిలో కలిస్తే ఆవిరి ద్రవమైపోతుంది, పీడనం కూలిపోతుంది. ద్రవంగా మారని హీలియం వాడితే ఈ బాధ ఉండదని మార్చారు. 2021 మార్చి 3న ఎస్‌ఎన్10 నేల మీద దిగింది కానీ గట్టిగా దిగింది, కొన్ని నిమిషాలకు పేలిపోయింది. ఇంధన హెడర్ ట్యాంకు నుంచి హీలియం కొంత ఇంజన్‌లోకి పోయి నెట్టుడు తగ్గి ఉంటుందని ఎలాన్ మస్క్ అప్పుడు చెప్పారు. ఒక దశ మార్పును ఆపబోతే ఇంకో రకం టూ ఫేజ్ ఫ్లో ఎదురైంది. ఇందులో ఎవరినీ తప్పు పట్టలేం, ఈ రంగంలో ప్రతి పరిష్కారానికీ ఇలాంటి వెల ఉంటుంది.

ఛాంబర్ లోపలి సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీకు ప్రస్తుతం అంత అవసరం లేదు. ఇంజెక్టర్ నుంచి వచ్చిన ద్రవం చుక్కలుగా చీలి, ఆవిరై, కలిసి మండుతుందని చదువుకుంటాం. అయితే ఆక్సిజన్‌కు క్రిటికల్ పీడనం, మన తెలుగు పాఠ్యపుస్తకాల మాటలో సందిగ్ధ పీడనం, దాదాపు 50 బార్. దానికి పైన ద్రవం, ఆవిరి అనే తేడా ఉండదు. ఎల్‌వీఎం3లో వాడే సీఈ-20 ఇంజన్ ఛాంబర్ పీడనం 60 బార్. అక్కడ ఇంజన్ పూర్తి స్థాయిలో నడుస్తున్నప్పుడు వేడెక్కిన ఆక్సిజన్‌కు తలతన్యత పోతుంది, చుక్కలు ఉండవు, పొగ కలిసినట్టు కలిసిపోతుంది. వెలిగించేటప్పుడూ ఆపేటప్పుడూ పీడనం 50 కంటే కింద ఉంటుంది కనుక ఆ కొద్ది క్షణాలు చుక్కల లెక్కే వర్తిస్తుంది. ఒకే ఇంజెక్టర్ రెండు రకాల భౌతికశాస్త్రానికీ పనికి రావాలి.

ఇక మీ నైట్రస్ ఆక్సైడ్. మీరు ఎంచుకున్నది టూ ఫేజ్ ఫ్లో లేకుండా నడిచే వీలే లేని పదార్థం. ట్యాంకులో అది తన ఆవిరి పీడనంతోనే బయటికి వస్తుంది, 20 డిగ్రీల సెల్సియస్‌లో సుమారు 50 బార్. అంటే ట్యాంకులో పీడనం, బాష్ప పీడనం రెండూ సమానం. నేను చెప్పిన మిగులు మొదట్లోనే సున్నా. ఇంజెక్టర్ రంధ్రంలో పీడనం కాస్త తగ్గగానే మరుగు మొదలవుతుంది. 50 బార్ నుంచి 30 బార్‌కు దిగేసరికి, మరగడానికి తగినంత సమయం ఇస్తే, బరువులో అయిదో వంతుకు అటూ ఇటూ ఆవిరి కావాలి. రంధ్రం పొట్టిదైతే అంత సమయం దొరకదు కనుక నిజంగా అయ్యేది తక్కువ. అందుకే మీరు వాడిన ఒకే ద్రవం సూత్రం ప్రవాహాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది, మరగాల్సినదంతా వెంటనే మరుగుతుందనుకునే పూర్తి సమతాస్థితి మోడల్ తక్కువ చేసి చూపిస్తుంది. నిజం మధ్యలో ఉంటుంది. ఆ రెంటినీ తూకం వేసి కలిపే డయ్యర్ మోడల్‌తో మొదలుపెట్టండి. మీ రంధ్రాలతో మీరే కోల్డ్ ఫ్లో (మండించకుండా ద్రవాన్ని వదిలి చూసే పరీక్ష) చేసి సరిచూసుకోకుండా ఏ మోడల్‌నూ నమ్మకండి.

మన ఎండలు కూడా లెక్కలో పెట్టుకోవాలి. నైట్రస్ ఆక్సైడ్ క్రిటికల్ ఉష్ణోగ్రత, అంటే అది దాటితే ద్రవంగా ఉండలేని హద్దు, 36.4 డిగ్రీల సెల్సియస్, ఆ దగ్గర పీడనం 72 బార్. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ట్యాంకు ఆరుబయట ఉంటే లోపల ద్రవమంటూ మిగలదు. మీరు ద్రవం సాంద్రతతో వేసిన లెక్కలన్నీ ఆ మధ్యాహ్నం పనికి రావు, ట్యాంకు పీడనం కూడా మీరు అనుకున్న హద్దు దాటవచ్చు. తెల్లవారుజామున చేయండి, ట్యాంకు మీద నీడ, తడి గోనె సంచులు ఉంచండి, ట్యాంకు గోడ ఉష్ణోగ్రత చూడనిదే వాల్వు తెరవకండి. రిలీఫ్ వాల్వు లేకుండా అసలు నింపకండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. 2007 జూలై 26న అమెరికాలోని మొహావిలో నైట్రస్ ఆక్సైడ్ కోల్డ్ ఫ్లో పరీక్షలో పేలుడు జరిగి ముగ్గురు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. మంట లేదు, ఇంధనం లేదు, ఇంజెక్టర్ గుండా వదిలి చూస్తున్నారంతే. నైట్రస్ ఆవిరి తనంతట తానే విడిపోయి వేడి పుట్టించగలదు. నూనె మరక, గ్రీజు లాంటివి తగిలితే ఇంకా సులువుగా. పైపులన్నీ ఆక్సిజన్ లైన్లకు చేసినంత శుభ్రంగా కడగాలి. మనుషులు దూరంగా, గట్టి గోడ వెనక ఉండాలి, వాల్వు దూరం నుంచే తెరవాలి. కోల్డ్ ఫ్లోనే కదా అని దగ్గరికి వెళ్ళి చూడకండి. మీ గైడ్ ఒప్పుకున్నా వెళ్ళకండి.

సెన్సర్లకు డబ్బులు తక్కువగా ఉంటే రెండు మాత్రం తగ్గించకండి. ఇంజెక్టర్‌కు ముందు ఒకే చోట ఒక పీడన సెన్సర్, ద్రవంలోకి దిగే సన్నని థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచేది). ట్యాంకును లోడ్ సెల్ మీద నిలబెట్టండి, బరువు తగ్గే వేగమే మీ అసలు ప్రవాహం. పరీక్ష అయ్యాక ఆ ఉష్ణోగ్రతను బాష్ప పీడనంగా మార్చి, కొలిచిన పీడనంతో పాటు ఒకే గ్రాఫులో గీయండి. రెండు గీతలు కలిసిపోయిన చోట పైపులో అప్పటికే ఆవిరి ఉందన్నమాట, ఇంజెక్టర్ కంటే ముందే. ట్యాంకులో ద్రవం అయిపోయి ఆవిరి ఒక్కటే రావడం మొదలైన క్షణం కూడా లోడ్ సెల్ గీత వంపులో స్పష్టంగా కనబడుతుంది. ఆ గ్రాఫు, రంధ్రాల వ్యాసం, పొడవు, ట్యాంకు ఉష్ణోగ్రత పంపండి, మీ లెక్క ఎక్కడ తప్పిందో కలిసి చూద్దాం.